అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్: అర్హతపై వ్యక్తిగత అప్పుల ప్రభావం

ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూడటానికి, దానితో పనిచేయటానికి ఒక వ్యక్తి తగినవాడా కాదా అని ముందుగా ఆరా తీసి అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అర్హత నిర్ణయాన్ని సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. ఈ నిర్ణయానికి వచ్చే ముందు అధికారులు తూచి చూసే 13 అంశాలలో ఆరోది, 'ఎఫ్' అనే అక్షరంతో గుర్తించేది, వ్యక్తి ఆర్థిక ప్రవర్తన. తీర్చని క్రెడిట్ కార్డు బాకీలు, ఎగవేసిన పన్నులు, జూదపు నష్టాలు, దివాలా పిటిషన్లు, లెక్క చెప్పలేని సంపద అన్నీ దీని కిందికే వస్తాయి. రహస్యాలు, గూఢచర్యం అనగానే మనసులో మెదిలే చిత్రానికి భిన్నంగా, రక్షణ శాఖ కాంట్రాక్టు సంస్థల ఉద్యోగుల అర్హత వివాదాలలో అతి తరచుగా ఎదురయ్యేది ఈ సాదాసీదా అప్పుల వ్యవహారమే.

అప్పు ఉండటమే అనర్హత కాదు. ఇంటి రుణం, కారు రుణం, చదువు రుణం ఏదో ఒకటి నెత్తిమీద ఉన్న అమెరికన్ ఉద్యోగులు కోకొల్లలు. అటువంటి రుణాలకు వాయిదాలు సక్రమంగా కడుతున్నంత కాలం వాటిని ఎవరూ తప్పుపట్టరు. అప్పు ఎంత అన్నదానికంటే అది ఎలా పుట్టింది, గడువు మీరిన తరువాత రుణగ్రస్తుడు ఏమి చేశాడు, ఆ సంగతి ప్రభుత్వానికి దాచకుండా చెప్పాడా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

క్లియరెన్స్ స్వరూపం

క్లియరెన్స్‌లో కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు అంచెలు ఉన్నాయి. అణ్వాయుధ రహస్యాలను చూసే ఇంధన శాఖలో 'ఎల్', 'క్యూ' అనే వేరు అంచెలు వాడుకలో ఉన్నాయి. 2019 నాటికి అర్హత గలవారి సంఖ్య దాదాపు 42 లక్షలు. వీరిలో సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులతో పాటు ప్రభుత్వానికి పని చేసిపెట్టే ప్రైవేటు సంస్థల సిబ్బంది కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. క్లియరెన్స్ తప్పనిసరి అయిన ఉద్యోగంలో అది పోతే ఆ ఉద్యోగమూ పోయినట్లే గనుక, అప్పుల కారణంగా అర్హత కోల్పోయినవారికి ఆ అప్పు తీర్చే జీతం కూడా లేకుండా పోతుంది. ఈ వ్యవస్థలోని కఠినమైన మెలిక ఇదే.

అర్హతను కోరే హక్కు ఎవరికీ లేదని 1988లో నేవీ శాఖ వర్సెస్ ఈగన్ కేసులో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. క్లియరెన్స్ ఇవ్వటమంటే జరిగిన నేరానికి శిక్ష విధించటం కాదనీ, రాబోయే కాలంలో ఒక మనిషి ఎలా ప్రవర్తిస్తాడో అంచనా వేయటమనీ, ఆ అంచనా కార్యనిర్వాహక శాఖ పనే తప్ప న్యాయస్థానాలది కాదనీ ఆ తీర్పు సారాంశం. 1995 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ జారీ చేసిన 12968వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఇదే ధోరణిలో, సందేహం మిగిలితే దానిని జాతీయ భద్రతకు అనుకూలంగానే తేల్చాలని నిర్దేశించింది. సామాన్య న్యాయస్థానంలో సందేహం నిందితుడి పక్షాన నిలుస్తుంది, ఇక్కడ ఎదుటి పక్షాన నిలుస్తుంది.

అప్పుకూ గూఢచర్యానికీ ముడి

అప్పుల్లో కూరుకున్నవాడు రహస్యాలు అమ్ముకుంటాడన్న అనుమానం ఊరికే పుట్టలేదు. నౌకాదళంలో సందేశాల సంకేత లిపి యంత్రాల వద్ద పనిచేసిన జాన్ వాకర్, దక్షిణ కెరొలైనాలో తాను పెట్టిన బారు నష్టాల్లో మునిగిన దశలో, 1967 చివర వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయం మెట్లెక్కాడు. 1985లో పట్టుబడేదాకా మిత్రుణ్ణీ, అన్ననూ, కొడుకునూ కూడా ఈ పనిలోకి దింపాడు. నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీలో పనిచేసిన రొనాల్డ్ పెల్టన్ 1979లో దివాలా పిటిషన్ వేశాడు, అదే ఏడాది ఉద్యోగం వదిలాడు, 1980 జనవరిలో సోవియట్ రాయబార కార్యాలయానికి వెళ్లి, సముద్రగర్భంలోని సోవియట్ తంతి తీగలపై అమెరికా పెట్టిన చాటు నిఘా గురించి చెప్పాడు. అతడికి ముట్టింది సుమారు 35,000 డాలర్లు మాత్రమే. అతడు కాగితం ఒక్కటీ పట్టుకెళ్లలేదు, అమ్మినది జ్ఞాపకంలో ఉన్నదాన్నే. క్లియరెన్స్ రద్దు చేయటం ద్వారా ఆపలేని ప్రమాదం కూడా ఒకటి ఉంటుందని ఈ ఉదంతం చూపుతుంది. అయినా దీనిని ఆ కోణం నుంచి చర్చించేవారు తక్కువ.

ఇప్పటి నిబంధనలకు రూపమిచ్చినది మాత్రం ఆల్డ్రిచ్ ఏమ్స్ వ్యవహారం. గూఢచార సంస్థ సీఐఏలో సోవియట్ వ్యవహారాలు చూసే ఏమ్స్ విడాకుల ఖర్చులు, కొత్త కాపురపు ఖర్చులు మీదపడి అప్పుల్లో ఉండగా 1985 ఏప్రిల్‌లో సోవియట్ రాయబార కార్యాలయంలో అడుగుపెట్టి 50,000 డాలర్లు కోరాడు. అప్పు అంతటితో తీరిపోయింది, అమ్మకం మాత్రం తొమ్మిదేళ్లు సాగింది. ఏడాదికి 70,000 డాలర్లకు మించని జీతగాడు 1989లో ఆర్లింగ్టన్‌లో 5,40,000 డాలర్ల ఇల్లు రుణం లేకుండా కొన్నాడు, ఆఫీసుకు జాగ్వార్ కారులో వచ్చాడు. ఈ డబ్బెక్కడిదంటే కొలంబియాలోని భార్య పుట్టింటివారిదన్నాడు, అడిగినవారు నమ్మారు. 1986లోను, 1991లోను అబద్ధ నిర్ధారణ యంత్రం ముందు కూర్చుని నెగ్గుకొచ్చాడు. 1994 ఫిబ్రవరిలో అరెస్టయ్యేనాటికి అతడు పట్టిచ్చిన సోవియట్ వర్గాల మనుషులలో కనీసం పదిమంది మరణశిక్షకు గురయ్యారని అంచనా. ఈ వ్యవహారం బయటపడిన తరువాత, రహస్యాలు చూసే ఉద్యోగి తన బ్యాంకు, క్రెడిట్, ప్రయాణ వివరాలను ప్రభుత్వం చూడటానికి ముందే సమ్మతి పత్రం ఇవ్వాలన్న నిబంధన చట్టంలోకి వచ్చింది. 12968వ ఉత్తర్వు దానికి కొనసాగింపు. ఏమ్స్ చరిత్రలో అప్పు మొదటి అధ్యాయం, సంపద రెండోది. అందుకే నేటి 'ఎఫ్' మార్గదర్శకం తీర్చలేని బాకీనీ, లెక్క చెప్పలేని ఐశ్వర్యాన్నీ ఒకే గూటిలో పెట్టింది.

ఇంతటి సంస్కరణ తరువాత కూడా బ్రయన్ రీగన్ దొరకటానికి కారణం అతడి బాకీలు కాదు. నిఘా ఉపగ్రహాల సంస్థలో పనిచేసిన ఈ వైమానిక దళ ఉద్యోగికి లక్ష డాలర్లకు మించిన అప్పు ఉండేది. సద్దాం హుసేన్‌కు రాసిన లేఖలో 1.3 కోట్ల డాలర్లు అడిగాడు. అక్షర దోషాలు పుష్కలంగా ఉన్న అతడి లేఖలు పరాయి చేతుల్లో పడి, 2001 ఆగస్టులో వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో అరెస్టయ్యాడు. ఇటువంటివి వేళ్లమీద లెక్కించదగిన కేసులు. అయినా వీటి ఆధారంగా నిలిచిన నిబంధన ఏటా వేలాదిమంది మామూలు ఉద్యోగుల బాకీ పద్దులను తిరగవేస్తుంది.

'ఎఫ్' మార్గదర్శకంలోని రెండు వాదాలు

అర్హత నిర్ణయానికి ఇప్పుడు ఆధారం 2017 జూన్ 8న అమలులోకి వచ్చిన నాలుగో సెక్యూరిటీ ఎగ్జిక్యూటివ్ ఏజెంట్ డైరెక్టివ్. 1997లో, 2005లో వచ్చిన మార్గదర్శకాలకు ఇది సవరించిన రూపం. స్తోమతకు మించి బతకటం, బాకీలు తీర్చకపోవటం, ఆర్థిక బాధ్యతలు నెరవేర్చకపోవటం అనేవి మనిషికి నిగ్రహం లేదనటానికో, విచక్షణ లేదనటానికో, నియమాలకు కట్టుబడే గుణం లేదనటానికో సంకేతాలు కావచ్చునని ఆ మార్గదర్శకం మొదట చెబుతుంది. డబ్బు అవసరంలో ఇరుక్కున్నవాడు దాని కోసం తప్పుడు పనికి దిగే అవకాశం ఎక్కువ అన్నది అందులోని రెండో మాట.

ఈ రెండు వాదాలకూ మధ్య ఉన్న దూరాన్ని గమనించకపోతే క్లియరెన్స్ తీర్పులు వింతగా తోస్తాయి. ప్రలోభానికి లొంగుతాడన్నదే భయమైతే, అప్పు తీరగానే భయమూ తీరాలి. కానీ అసలు దోషం స్వభావంలో ఉందని భావిస్తే, ఉద్యోగం పోతుందన్న బెదురుతో ఒక్కసారిగా బాకీలన్నీ కట్టివేసినా దోషం పోయినట్లు కాదు, బెదిరింపు ఉంటేనే కదిలే మనిషి అని ఇంకో రుజువు దొరికినట్లవుతుంది. గడచిన రెండు దశాబ్దాల నిర్ణయాలను చూస్తే రెండో వాదమే బలపడుతూ వచ్చినట్లు కనిపిస్తుంది. క్లియరెన్స్ విచారణ బాకీ వసూలు ప్రక్రియ కాదనీ, చూడవలసినది మనిషి విశ్వసనీయతనూ విచక్షణనూ అనీ ఈ వివాదాలను వినే రక్షణ శాఖ అప్పీలు బోర్డు పదే పదే చెబుతూ వచ్చింది. అందువల్ల బాకీ మొత్తం తీర్చినవాడికి అర్హత దక్కకపోవచ్చు, ఇంకా వేల డాలర్లు బాకీ ఉన్నవాడికి దక్కవచ్చు.

అనర్హతకు దారితీసే పరిస్థితులుగా మార్గదర్శకం పేర్కొన్నవాటిలో, కట్టే శక్తి లేకపోవటం, శక్తి ఉన్నా కట్టే మనసు లేకపోవటం వేర్వేరుగా ఉండటం ఆలోచించి చేసిన పని. పేదరికాన్నీ మొండితనాన్నీ ఒకే గాటన కట్టకూడదన్న స్పృహ అందులో ఉంది. మోసపు చెక్కులు, అపహరణ, పన్నుల ఎగవేత, ఆదాయానికి మించిన దుబారా, జూదం కోసం అప్పు చేయటం, జూదపు నష్టాలను ఇంట్లో దాచటం వంటివి తక్కినవి.

ప్రశ్నావళిలో 26వ విభాగం

అభ్యర్థి నింపవలసిన ఎస్‌ఎఫ్-86 అనే ప్రశ్నావళి నూరు పుటలు దాటిన పత్రం. దానిని ఇప్పుడు ఆన్‌లైన్‌లో పూర్తిచేస్తారు. అందులో 26వ విభాగం మొత్తం ఆర్థిక చరిత్రకే కేటాయించారు. ఎప్పుడైనా జూదం వల్ల ఇబ్బంది పడ్డారా, గత ఏడేళ్లలో దివాలా తీశారా, పన్ను రిటర్ను వేయటంలో గానీ పన్ను కట్టటంలో గానీ తప్పారా, ఏదైనా రుణం 120 రోజులకు మించి మీరిందా, వాహనం జప్తు అయిందా, బాకీ వసూలు సంస్థ చేతికి పోయిందా, కోర్టు తీర్పు పడిందా అని ఒకదాని వెంట ఒకటిగా ప్రశ్నలు వస్తాయి. సొంతంగా చేసిన అప్పే కాక, మరొకరికి జామీను ఉండి సంతకం పెట్టిన అప్పు కూడా ఇందులో రాయాలి.

అభ్యర్థి రాసినదాన్ని దర్యాప్తు అధికారులు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల క్రెడిట్ నివేదికలతో సరిపోల్చి చూస్తారు. భారతీయ పాఠకులకు తెలిసిన సిబిల్ నివేదిక వంటివే ఇవి. నివేదికలో ఉన్నది ప్రశ్నావళిలో లేకపోతే 'ఎఫ్' మార్గదర్శకానికి వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన 'ఇ' మార్గదర్శకం కూడా తోడవుతుంది. తెలిసి దాచినట్లు తేలితే అది బాకీకంటే పెద్ద తప్పు, ఐదేళ్ల వరకూ జైలు పడగల ఫెడరల్ నేరం కూడా. అయితే పొరపాటుకూ దాపరికానికీ తేడా చూస్తారు. ఇల్లు మారాక ఆసుపత్రి బిల్లు పాత చిరునామాకు పోయి, అక్కడినుంచి వసూలు సంస్థకు చేరి, ఉద్యోగికి ఆ సంగతే తెలియకపోవటం అమెరికాలో చాలా మామూలు విషయం. తెలియక రాయనివాడిపై అబద్ధమాడాడన్న ఆరోపణ నిలవదు. కానీ దర్యాప్తు అధికారి ముఖాముఖిలో ఆ బిల్లును చూపించిన రోజు నుంచి అతడేమి చేశాడన్నది లెక్కలోకి వస్తుంది. అందుకే అనుభవం గల న్యాయవాదులు ప్రశ్నావళి నింపకముందే మూడు సంస్థల నివేదికలూ తెప్పించుకోమంటారు.

ఊరటనిచ్చే పరిస్థితులు

అనర్హత సూచనలు ఎదురైన తరువాత వాటి తీవ్రతను తగ్గించే పరిస్థితులను కూడా మార్గదర్శకమే పేర్కొంది, అసలు వ్యవహారమంతా నడిచేది ఇక్కడే. మొదటిది కాలం: సమస్య ఏనాడో జరిగిపోయి, మళ్లీ వచ్చే సూచనలు లేకపోతే దాని బరువు తగ్గుతుంది. అయితే తీరని బాకీ ఎంత పాతదైనా నడుస్తున్న సమస్యగానే లెక్క. రెండోది మనిషి చేతిలో లేని కారణాలు: ఉద్యోగం పోవటం, వ్యాపారం దెబ్బతినటం, అనుకోని జబ్బు, మరణం, విడాకులు వంటివి. 2017 సవరణలో పీడక రుణదాతల బారిన పడటం, ఇతరులు తన వివరాలు దొంగిలించి తన పేరిట అప్పు చేయటం కూడా ఇందులో చేరాయి. ఇక్కడ చాలామంది చూడకుండా దాటిపోయే షరతు ఒకటుంది: కష్టం చేయిదాటినదైతే చాలదు, ఆ కష్టంలో మనిషి బాధ్యతగా మసలుకుని ఉండాలి. ఉద్యోగం పోయిన రోజుల్లో రుణదాతలతో మాట్లాడి వాయిదా కుదించుకున్నవాడికీ, ఫోన్ ఎత్తటం మానేసినవాడికీ ఒకే ఫలితం రాదు.

లాభాపేక్ష లేని సలహా సంస్థల వద్ద ఆర్థిక సలహా తీసుకుని పరిస్థితి చక్కబడినట్లు చూపటం మూడో ఊరట. నాలుగోది అన్నిటికంటే ఎక్కువగా వాడుకలోకి వచ్చేది: రుణదాతలకు చెల్లించే ప్రయత్నాన్ని తానుగా, చిత్తశుద్ధితో మొదలుపెట్టి కొనసాగించటం. అన్ని బాకీలూ తీర్చి ఉండనక్కరలేదనీ, అన్నిటికీ ఒకేసారి వాయిదాలు కట్టనక్కరలేదనీ, నమ్మదగిన పథకం వేసుకుని దాని ప్రకారం అడుగులు వేస్తే చాలుననీ అప్పీలు బోర్డు నిర్ణయాలు చెబుతున్నాయి. కానీ ముందుముందు కడతానన్న మాటకు ఇప్పటికే కట్టిన చరిత్రతో సమానమైన విలువ ఉండదు. ఆరు బాకీలున్న ఒక ఉద్యోగిని ఊహించుకుంటే, ఏడాదిన్నరగా నెలకు 200 డాలర్ల చొప్పున చిన్న బాకీలు ఒక్కొక్కటే తీరుస్తూ రసీదులు దాచిపెట్టుకున్న మనిషి, విచారణకు వారం ముందు బంధువు వద్ద చేబదులు తెచ్చి మొత్తం కట్టిన మనిషికంటే గట్టి స్థితిలో ఉంటాడు. సొమ్ము లెక్కన చూస్తే ఇది తలకిందుల వ్యవహారమే, స్వభావం లెక్కన చూస్తే కాదు.

బాకీ చట్టరీత్యా చెల్లనిదైపోవటం, చిత్తశుద్ధితో తీర్చటం ఒకటి కావు. కాలపరిమితి దాటి కోర్టులో వసూలు చేయలేని స్థితికి చేరినా, ఏడేళ్లు గడిచి క్రెడిట్ నివేదిక నుంచి జారిపోయినా, వసూలు కాదని రుణదాత పద్దు కొట్టివేసి ఆ సంగతి పన్నుల శాఖకు ఫారం పంపినా, అవి అభ్యర్థి చేసిన పనులు కావు గనుక అతడి ఖాతాలో పెద్దగా జమ పడవు. బాకీ తనది కాదని వాదించేవారు కూడా ఆ వాదానికి కాగితపు రుజువు చూపాలి.

దివాలా విషయం ఇంకొంచెం చిక్కైనది. అమెరికా చట్టంలో 7వ అధ్యాయం కింద ఆస్తులు అప్పగించి బాకీల నుంచి విడుదల పొందవచ్చు, 13వ అధ్యాయం కింద మూడు నుంచి ఐదేళ్ల పాటు కోర్టు పర్యవేక్షణలో వాయిదాలు కట్టవచ్చు. రెండూ చట్టం ఇచ్చిన దారులే, దివాలా తీసినంత మాత్రాన అర్హత పోదు. అయినా 7వ అధ్యాయం రుణదాతలకు చెల్లించే ప్రయత్నంగా లెక్కకు రాదు; పెద్ద జబ్బు తరువాత ఒక్కసారి దివాలా తీసి, అటుపై పొదుపుగా బతికినవాడికి అది కొత్త బతుకుకు మొదలుగా పనికొస్తుంది, పదేళ్లలో రెండోసారి తీసినవాడికి పనికిరాదు. 13వ అధ్యాయం కింద క్రమం తప్పక వాయిదాలు కడుతున్నవారి స్థితి సహజంగానే మెరుగు.

ఊరట పూర్తిగా కుదరకపోయినా, నిర్ణీత కాలానికొకసారి ఆర్థిక వివరాలు సమర్పించాలన్నటువంటి షరతులతో అర్హత ఇచ్చే వెసులుబాటు కూడా డైరెక్టివ్ అనుబంధంలో ఉంది. వీటన్నిటి తరువాత అధికారి మనిషిని మొత్తంగా చూడాలి. వయసు, పరిణతి, తప్పు ఎంత తీవ్రమైనది, ఎంత స్వచ్ఛందమైనది, మళ్లీ జరిగే అవకాశం ఎంత అన్నవి ఆ చూపులో భాగాలు.

పన్నులు

ప్రైవేటు బాకీకంటే పన్ను బాకీని కఠినంగా చూస్తారు. క్రెడిట్ కార్డు సంస్థతో ఉన్నది ఒప్పందం, పన్ను చట్టం. ఏటా ఏప్రిల్ 15 లోపు రిటర్ను వేయమన్న తేలిక నియమాన్నే పాటించనివాడు రహస్య పత్రాల నియమాలను పాటిస్తాడని ఎలా నమ్మాలన్నది ఇక్కడి తర్కం, దానిని కాదనటం కష్టమే. ప్రభుత్వమే తిరిగి సొమ్ము ఇవ్వవలసిన ఏడాది కూడా రిటర్ను వేయకపోవటం తప్పుగానే లెక్క. కట్టలేకపోవటం క్షమార్హం కావచ్చు; పన్నుల శాఖ ఐఆర్ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకుని దాని ప్రకారం నడుచుకోవటాన్ని 2017 సవరణ ఊరట పరిస్థితిగా చేర్చింది.

స్వదేశంలో ఉన్న అప్పులు

క్లియరెన్స్‌కు అమెరికా పౌరసత్వం తప్పనిసరి గనుక, హెచ్-1బి వీసాపై ఉన్నవారికీ, గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారికీ సాధారణంగా ఈ ప్రశ్న ఎదురుకాదు. పౌరసత్వం తీసుకుని ఉత్తర వర్జీనియా, మేరీలాండ్ ప్రాంతాలలోని ఫెడరల్ కాంట్రాక్టు సంస్థల్లో పనిచేసే తెలుగువారికి మాత్రం ఇది నిత్య జీవితానికి తగిలే విషయం. అప్పు ఏ దేశంలో ఉందన్న భేదం 'ఎఫ్' మార్గదర్శకానికి లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో తమ్ముడి వ్యాపారానికి జామీను పెట్టిన సంతకం, తెగని చీటీ లావాదేవీ, నోటు లేకుండా నోటిమాట మీద తీసుకున్న చేబదులు అమెరికా క్రెడిట్ నివేదికలో కనిపించకపోవచ్చు. అయినా అడిగినప్పుడు చెప్పవలసినవే. కాగితం లేని అప్పుతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, తీర్చామని చూపటానికి కూడా కాగితం ఉండదు. స్వదేశంలో ఉన్న ఫ్లాట్లు, స్థలాలు, బ్యాంకు డిపాజిట్లు ప్రశ్నావళిలోని 20వ విభాగం కిందికి, విదేశీ ప్రభావాన్ని పరిశీలించే 'బి' మార్గదర్శకం కిందికి వస్తాయి. తల్లిదండ్రులకు నెలనెలా డబ్బు పంపటం అప్పుల సమస్య కాదు, అది పంపటం కోసం అమెరికాలో కట్టవలసిన వాయిదాలు తప్పితే తప్ప.

అప్పులకూ ప్రభుత్వ విశ్వాసానికీ ముడిపెట్టటం భారతీయ పాలనకు కొత్తది కాదు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, 1964 లోని 17వ నియమం ఉద్యోగి అలవాటుగా అప్పుల్లో మునగకుండా, దివాలా తీయకుండా తన వ్యవహారాలు చక్కబెట్టుకోవాలనీ, బాకీ వసూలుకు దావా పడితే ప్రభుత్వానికి తెలపాలనీ చెబుతుంది.

సైనికులు, జీతాలు నిలిచిన రోజులు

సైనిక స్థావరాల గేట్ల బయట, జీతం రోజు వరకూ చిన్న మొత్తాలను భారీ వడ్డీకి ఇచ్చే పే డే లోన్ దుకాణాలు విరివిగా వెలిశాయి. క్రమం తప్పని జీతం, వయసులో చిన్నతనం, ఇంటికి దూరపు కొలువు కలిసి సైనికుణ్ణి ఆ దుకాణాలకు అనువైన గిరాకీగా మార్చాయి. ఈ అప్పుల వల్ల క్లియరెన్స్ పోయి సుశిక్షితులైన మనుషులు విధులకు పనికిరాకుండా పోతున్నారన్న ఆందోళన 2006లో మిలిటరీ లెండింగ్ చట్టం రావటానికి దోహదం చేసిన కారణాలలో ఒకటి. సైనికులకు, వారిపై ఆధారపడినవారికి ఇచ్చే రుణాలపై రుసుములతో కలిపి ఏడాదికి 36 శాతానికి మించి వసూలు చేయరాదని అది కట్టడి చేసింది.

ప్రభుత్వమే జీతం ఇవ్వక అప్పు పుట్టించే సందర్భాలూ ఉన్నాయి. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు బడ్జెట్ ప్రతిష్టంభనతో ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు, వాయిదాలు తప్పితే తమ క్లియరెన్స్‌కే ముప్పు రావచ్చునని ఎఫ్‌బీఐ ఏజెంట్ల సంఘం బహిరంగంగా హెచ్చరించింది. ఇటువంటి బాకీ చేయిదాటిన కారణం కిందికి వస్తుందనటంలో సందేహం లేదు. కానీ మార్గదర్శకం ఉద్యోగి నుంచి ఆశించే ముందుచూపు బడ్జెట్ ఆమోదించేవారిలో లోపించటం ఎవరికైనా తోచే వ్యంగ్యమే.

నిరంతర పరిశీలన

లోగడ టాప్ సీక్రెట్ గలవారిని ఐదేళ్లకోసారి, సీక్రెట్ గలవారిని పదేళ్లకోసారి తిరిగి పరీక్షించేవారు. ఆ నడిమి కాలంలో పుట్టిన బాకీలు తరువాతి పరీక్ష దాకా సాధారణంగా ఎవరి కంటా పడేవి కావు. రక్షణ శాఖ తన పరిధిలోని రమారమి 36 లక్షల మందిని 2021 అక్టోబరు నాటికి నిరంతర పరిశీలన కిందికి తెచ్చింది. క్రెడిట్ నివేదికలో మార్పు రాగానే యంత్రం హెచ్చరిక పంపుతుంది. 2017 నాటి మూడో డైరెక్టివ్ ప్రకారం దివాలా, జీతంపై జప్తు, 120 రోజులు మీరిన బాకీ, 10,000 డాలర్లకు తగ్గకుండా అనుకోకుండా చేతికొచ్చిన సొమ్ము వంటివాటిని ఉద్యోగే ముందుగా తెలపాలి. యంత్రానికి ముందే మనిషి చెప్పినట్లు తేదీలు చూపిస్తే అదే అతడి పక్షాన మొదటి సాక్ష్యమవుతుంది.

విచారణ

కాంట్రాక్టు సంస్థ ఉద్యోగికి అర్హత నిరాకరించదలిస్తే ముందుగా ఆరోపణల పత్రం పంపుతారు. అందులో బాకీలు 1.ఎ, 1.బి అని ఒక్కొక్కటే, మొత్తంతో సహా ఉంటాయి. ఉద్యోగి 20 రోజుల్లో ప్రతిదానికీ ఒప్పుకుంటున్నాడో లేదో రాయాలి. తరువాత రక్షణ శాఖకు చెందిన విచారణలు, అప్పీళ్ల కార్యాలయం ('డోహా') న్యాయమూర్తి ముందు హాజరుకావచ్చు, లేదా కాగితాల మీదనే తేల్చమనవచ్చు. రెండోదారి ఎంచుకున్నవారు ప్రభుత్వ పక్షపు దస్త్రం అందిన 30 రోజుల్లో తమ రుజువులు పంపాలి, ఎదురుగా కూర్చుని తమ కథ చెప్పుకునే అవకాశాన్ని మాత్రం వదులుకుంటారు. బాకీ ఉందని చూపటానికి ప్రభుత్వానికి క్రెడిట్ నివేదిక చాలు, ఆపైన ఒప్పించే భారమంతా ఉద్యోగిదే. కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్లు, చెల్లింపు ఉత్తరాలు, ఇంటి బడ్జెట్ పట్టిక లేకుండా 'కట్టేశాను' అన్న మాటతో వచ్చినవారు ఓడిపోవటం తరచు. చాలా సందర్భాలలో విచారణ తరువాత కూడా కాగితాలు పంపటానికి న్యాయమూర్తులు కొన్ని రోజులు గడువు ఇస్తారు.

ప్రతికూల నిర్ణయంపై 15 రోజుల్లో అప్పీలు నోటీసు ఇవ్వవచ్చు, కానీ అప్పీలు బోర్డు కొత్త రుజువులు తీసుకోదు, కింది న్యాయమూర్తి తప్పు చేశాడా లేదా అన్నదే చూస్తుంది. ఓడిన మర్నాడు తీర్చిన బాకీ రసీదు అక్కడ పనికిరాదు. ఆ రసీదుకు విలువ వచ్చేది ఏడాది తరువాత, ఏదైనా సంస్థ మళ్లీ ఉద్యోగమిచ్చి అతడి పేరును తిరిగి సిఫారసు చేసినప్పుడు.